మటన్ మానేశాను సరే, చిప్స్ ప్యాకెట్ సంగతేంటి? మా స్నాక్స్ అల్మారా రివ్యూ

ఇది ఒక్క ప్యాకెట్ గురించిన రివ్యూ కాదు. మా వంటింట్లో కింది అల్మారాలో ఇప్పుడున్నవి, కొన్నాళ్లుండి చెత్తబుట్టలోకి పోయినవి, చేతిలోకి తీసుకుని వెనక చదివి మళ్లీ అక్కడే పెట్టేసినవి, అన్నిటి గురించీ కలిపి రాస్తున్నాను. నాలాగా ఆల్ఫా-గాల్ అలర్జీ, అంటే మటన్ లాంటి మాంసం పడని అలర్జీ ఉన్నవాళ్లకి, ముఖ్యంగా అమెరికాలో ఉంటూ సగం స్నాక్స్ ఇండియన్ స్టోర్‌లో, సగం మామూలు సూపర్ మార్కెట్‌లో కొనే మనవాళ్లకి పనికొస్తుంది. అలర్జీ లేనివాళ్లు చదివినా నష్టం లేదు, ఎప్పుడైనా మాలాంటి వాళ్లని ఇంటికి పిలిస్తే ఏం పెట్టాలో తెలుస్తుంది.

ముందు నా కథ కొంచెం. మేముండేది ఆర్కన్సాలో, బెంటన్‌విల్ పక్కన. పెరట్లో కంచె దాటితే అడవే. ఆ కంచె వారనే నా గోంగూర మడి. రెండేళ్ల కిందట జూన్‌లో కలుపు తీసి లోపలికొచ్చాక మోకాలి వెనక ఏదో అంటుకుని కనిపించింది. మన ఊళ్లో బర్రెలకు పట్టే గోమారి ఉంటుంది కదా, దాని అమెరికా చుట్టం. వీపు మీద తెల్లటి చుక్క. ఆ చుక్క వల్లే దానికి లోన్ స్టార్ టిక్ అని పేరు, అది ఆడదానికే ఉంటుందట. పీకి పారేసి మర్చిపోయాను. దురద మాత్రం మూడు వారాలు పోలేదు.

ఆగస్టులో ఒక శనివారం అదే మడిలో కోసిన గోంగూరతో మటన్ వండాను. ఏడున్నరకి తిన్నాం. రాత్రి ఒంటిగంటకి అరచేతులు మండుతున్నట్టు మెలకువ వచ్చింది, లైటేసి చూస్తే ఒళ్లంతా దద్దుర్లు, కడుపులో మెలిపెడుతున్న నొప్పి. మా ఆయన "పులుపు ఎక్కువేశావు" అన్నాడు. రెండోసారి ఫ్రెండ్ వాళ్లింట్లో ఖీమా తిన్నప్పుడు కూడా ఇదే, కాకపోతే ఈసారి తప్పు వాళ్ల నూనె మీదికి పోయింది. మూడోసారి పెదాలు వాచి, గొంతు పట్టేసి ఎమర్జెన్సీకి పోవాల్సి వచ్చింది. అక్కడ సబ్బు మార్చారా, కొత్త డిటర్జెంటా అని అడిగారు కానీ పురుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. తర్వాత కలిసిన అలర్జీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నే అది. రక్తపరీక్ష రాసింది, 0.1 దాటితే పాజిటివ్ అంట, నాది 6 పైన వచ్చింది.

సంగతేంటంటే, ఆల్ఫా-గాల్ అనేది ఒక చక్కెర. మేక, గొర్రె, ఆవు, పంది, ఇలా దాదాపు అన్ని పాలిచ్చే జంతువుల ఒంట్లోనూ ఉంటుంది, మనుషుల్లో ఉండదు. ఆ పురుగు కరిచినప్పుడు కొందరి ఒళ్లు ఆ చక్కెరని శత్రువుగా గుర్తుపెట్టేసుకుంటుంది. కోడి, చేప, రొయ్య, గుడ్డు పర్వాలేదు. మిగతా తిండి అలర్జీల్లా తిన్న పది నిమిషాల్లో బయటపడదు, రెండు నుంచి ఆరు గంటలు పడుతుంది, అందుకే సాయంత్రం తిన్నది అర్ధరాత్రి లేపుతుంది, మనం మధ్యలో తిన్న ఇంకో నాలుగింటిని అనుమానిస్తాం. దీన్ని బయటపెట్టినవాళ్లలో ఒకరైన వర్జీనియా యూనివర్సిటీ డాక్టర్ థామస్ ప్లాట్స్-మిల్స్‌కే 2007లో కొండల్లో నడిచొచ్చాక ఇది అంటుకుంది, గొర్రె మాంసం తిన్న రాత్రి దద్దుర్లతో లేచాడట. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం 4,50,000 మంది దాకా దీనితో ఉండొచ్చు. అదే ఏడాది చెప్పిన ఇంకో లెక్క చూస్తే నాకు ఎమర్జెన్సీ వాళ్ల మీద కోపం తగ్గింది: సీడీసీ అడిగిన వైద్య సిబ్బందిలో 42 శాతం మంది ఈ పేరే వినలేదు.

మటన్ మానడం ఏడ్చుకుంటూనైనా ఒక్కరోజులో అయిపోయింది. స్నాక్స్‌కి ఏడాది పట్టింది.

మొదట అమెరికన్ సూపర్ మార్కెట్ వరస. ఇక్కడ ప్యాకెట్ వెనక కింద లావు అక్షరాల్లో "కంటెయిన్స్" అని ఒక లైను ఉంటుంది. అలర్జీ అనగానే అందరి కళ్లూ ఆ లైను మీదికే పోతాయి. మనకి దాంతో పని సగమే. చట్టం ప్రకారం పేరు పెట్టి చెప్పాల్సినవి తొమ్మిది: పాలు, గుడ్డు, చేప, రొయ్య-పీత జాతి, చెట్ల గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు. మాంసం అందులో లేదు. పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ లేదు, పశువుల కొవ్వు లేదు. అంటే ఆ లైను ఖాళీగా ఉన్న ప్యాకెట్ కూడా నన్ను ఆసుపత్రికి పంపగలదు. ఈ ఒక్క ముక్క నాకు మొదటి నెలలోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

జెలటిన్ ఎక్కడుందో చూశాక నాకు మతి పోయింది. గమ్మీల్లో ఉంటుందని ఎవరికైనా తెలుసు. ఫ్రాస్టింగ్ పూసిన పాప్ టార్ట్స్‌లో ఉంది. పిల్లల డబ్బాలో పెట్టే రైస్ క్రిస్పీస్ ట్రీట్స్‌లో ఉంది, ఎందుకంటే వాటిని పట్టి ఉంచేది జెలటిన్‌తో చేసే మార్ష్‌మాలో. నోరు వాసన రాకూడదని ఆఫీసు బ్యాగులో నాలుగేళ్లుగా పెట్టుకు తిరిగిన ఆల్టాయిడ్స్ పుదీనా బిళ్లల్లో కూడా ఉంది! వీటి మీద కోపం లేదు, వెనక అక్షరాలా రాసే ఉంది. చదవనిది నేనే. పుట్టి బుద్ధెరిగాక పుదీనా బిళ్ల వెనక ఎవరైనా చదువుతారా చెప్పండి.

చదివినా అర్థం కానివి వేరే. "నేచురల్ ఫ్లేవర్స్" అన్న రెండు మాటల కింద అమెరికా రూల్స్ ప్రకారం మాంసం నుంచి తీసిన రుచి కూడా దూరొచ్చు. మనవాళ్లకి ఇది కొత్త పాఠం కూడా కాదు. మెక్‌డొనాల్డ్స్ ఇక్కడి ఫ్రెంచ్ ఫ్రైస్‌లో బీఫ్ నుంచి తీసిన ఫ్లేవర్ ఉందని బయటపడి, హిందువులు, శాకాహారులు కోర్టుకెక్కితే, 2002లో ఆ కంపెనీ క్షమాపణ చెప్పి కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పుడది మతం, మనసు సంగతి. ఇప్పుడు నాకు గొంతు సంగతి.

దీనికి తోడు ఈ మధ్య ఇంకో ఫ్యాషన్ మొదలైంది. విత్తనాల నూనెలు చెడ్డవని ప్రచారం పెరిగి, కొన్ని కంపెనీలు బీఫ్ టాలో, అంటే పశువుల కొవ్వులో వేయించిన చిప్స్ అమ్ముతున్నాయి. వాటితో నాకు గొడవ లేదు, ముందు వైపే గొప్పగా రాసుకుంటారు, దూరం నుంచే దండం పెట్టి పోవచ్చు. చికెన్ ఫ్లేవర్ అని రాసినవే తలనొప్పి. చికెన్ కదా పర్లేదనుకుని నూడుల్స్ తీసుకుంటే, ఆ మసాలా పొడిలో లాక్టోజ్ అనే పాల చక్కెర, కొన్నింటిలో బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ కూడా. బొమ్మలో కోడి, పొడిలో ఆవు.

ఒక బార్బెక్యూ చిప్స్ కంపెనీకి ఫోన్ చేశాను, పేరు వద్దులెండి. మీ నేచురల్ ఫ్లేవర్‌లో పాలిచ్చే జంతువుల నుంచి తీసినది ఏమైనా ఉందా అని అడిగాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా "మా ప్రోడక్ట్ గ్లూటెన్ ఫ్రీ మేడమ్" అంది. నేను మళ్లీ అడిగాను. "నట్స్ కూడా లేవు మేడమ్." మూడోసారి ఆల్ఫా-గాల్ అన్నాను, హోల్డ్‌లో పెట్టి ఇరవై నిమిషాలు పాట వినిపించింది. ఆ తర్వాత నేను ఆల్ఫా-గాల్ అనే మాటే వాడడం మానేశాను. ఇప్పుడు ఈమెయిల్‌లో ఒకటే అడుగుతాను: ఇందులో ఆవు, పంది, గొర్రె నుంచి వచ్చిన పదార్థం ఏదైనా ఉందా, జెలటిన్, కొవ్వు, పాల నుంచి తీసినవి కలిపి చెప్పండి అని. ఇలా అడిగితే జవాబులు సూటిగా వస్తున్నాయి. "మా సప్లయర్ రహస్యం, చెప్పలేం" అని రాసేవాళ్లూ ఉన్నారు. నా వరకు అదీ జవాబే, ఆ ప్యాకెట్ కొనను.

బార్‌కోడ్ స్కాన్ చేస్తే చెప్పే యాప్ కూడా నెలకింత అని డబ్బు కట్టి వాడాను. అమెరికన్ ప్యాకెట్లకి బాగానే పనిచేసింది, జెలటిన్, లార్డ్ (పంది కొవ్వు), వే, కేసీన్ (ఈ రెండూ పాల నుంచి తీసేవి) వంటి వాటిని టక్కున పట్టేస్తుంది. కానీ ఇండియన్ స్టోర్‌లో నిలబడి మిక్చర్ ప్యాకెట్ స్కాన్ చేస్తే "ఈ వస్తువు మా దగ్గర లేదు, ఫోటో తీసి పంపండి" అంటుంది. పది ప్యాకెట్లకి ఏడింటికి అదే మాట. డబ్బు కట్టి వాళ్లకే నేను డేటా ఎంట్రీ చేసిపెడుతున్నానన్నమాట. ఒకసారైతే ఒక క్రాకర్‌కి పచ్చ గుర్తు చూపించింది, చేతిలో ఉన్న ప్యాకెట్ మీద మాత్రం పాలపొడి అని ఉంది. కంపెనీ రెసిపీ మార్చింది, యాప్‌కి తెలియదు. ఐదుకి రెండున్నర ఇస్తాను. కొత్తగా అలర్జీ వచ్చినవాళ్లు పదాలు నేర్చుకోవడానికి ఓ రెండు నెలలు వాడి ఆపేయొచ్చు.

యాప్ కంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది మనకి సంబంధం లేని ఒక గుర్తు. యూదుల కోషర్ ముద్ర. చిన్న వలయంలో యు అక్షరం ఉంటుంది, పక్కన డి ఉంటే పాల సంబంధం ఉన్నట్టు, "పారెవ్" అని ఉంటే మాంసమూ పాలూ రెండూ లేనట్టు. ఓరియో సంగతి చూడండి, పదార్థాల్లో పాల పేరు లేదు కానీ ముద్ర పక్కన డి ఉంటుంది. నాకు ఆ మాత్రం పడుతుంది, పడనివాళ్లకి ఆ డి ఒక హెచ్చరిక. ఒక్క మెలిక మాత్రం ఉంది: వాళ్ల పద్ధతిలో కోసిన పశువు చర్మం నుంచి తీసిన జెలటిన్‌కి కూడా పారెవ్ అని ఇస్తారు. కాబట్టి ముద్ర చూసినా జెలటిన్ అనే మాట కోసం వెతకాల్సిందే.

ఇప్పుడు మన ఇండియన్ స్టోర్. ఇక్కడే నా అభిప్రాయం బాగా మారింది. చిన్నప్పటి నుంచి చూస్తూ పట్టించుకోని ఆ పచ్చ చుక్క, చదరంలో చుక్క, అది అమెరికా లేబుల్ మొత్తం కంటే నాకు ఎక్కువ పని చేసిపెడుతోంది. పచ్చ చుక్క ఉందంటే మాంసం, కొవ్వు, జెలటిన్ ఏవీ ఉండకూడదు, జంతువుల నుంచి వచ్చేవాటిలో పాల పదార్థాలు, తేనె, లక్క వంటి కొన్నిటికే అనుమతి. వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరిగే "ఈ631 అంటే పంది కొవ్వు" మెసేజ్ గుర్తుందా? అది కొవ్వే కాదు, రుచి పెంచే ఉప్పులాంటి పదార్థం, మాంసం నుంచి, చేప నుంచి, కర్రపెండలం నుంచి కూడా చేయొచ్చు, పచ్చ చుక్క ప్యాకెట్‌లో జంతువుది వాడకూడదు. ఆ మెసేజ్ పంపిన మా పెదనాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన ఇంకో మెసేజ్ పంపాడు.

అయితే రెండు సమస్యలు. మొదటిది స్టిక్కర్. ఎగుమతి ప్యాకెట్ల మీద అమెరికా రూల్స్ కోసం తెల్లటి స్టిక్కర్ అంటిస్తారు, అది చాలాసార్లు సరిగ్గా అసలు పదార్థాల మీదే పడుతుంది. స్టోర్‌లో నిలబడి గోరుతో ఆ స్టిక్కర్ అంచు లేపుతుంటే కౌంటర్ దగ్గరి అన్న ఒకసారి వచ్చి "ఏమైందమ్మా, డేట్ అయిపోయిందా?" అని అడిగాడు. విషయం చెప్పాను. "మటన్‌కి అలర్జీ ఉంటే మిక్చర్ ఎందుకు చూస్తున్నావమ్మా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు ఆయనే కొత్త సరుకు రాగానే "ఇది చూడమ్మా, నెయ్యి లేదంట" అని చూపిస్తాడు. ఆయనకి ఐదుకి ఐదు, ఆ స్టిక్కర్లకి సున్నా.

రెండోది పాలు. ఈ అలర్జీ ఉన్నవాళ్లలో చాలామందికి పాలు పడతాయి, కొందరికి పడవు, కొవ్వు ఎక్కువున్న పాల పదార్థాలతో ఇబ్బంది ఎక్కువ. నేను మధ్యలో ఉన్నాను: మజ్జిగ పడుతుంది, పార్లే-జీ రెండు టీలో ముంచుకుంటే ఏమీ కాలేదు, నెయ్యి మాత్రం చెంచా దాటితే రాత్రి దురద. నెయ్యి పడని తెలుగుదాని బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు, పప్పులోకి నూనె పోసుకుంటున్నాను. అందుకని పచ్చ చుక్క నాకు మొదటి గేటు మాత్రమే. ఆ తర్వాత నెయ్యి, వెన్న, మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, చీజ్ పౌడర్ కోసం చదవాలి. పాలు అస్సలు పడనివాళ్లు ఇండియా ప్యాకెట్ల మీద ఈ మధ్య వస్తున్న వీగన్ గుర్తు, పచ్చటి వి అక్షరం, దాని కోసం చూడండి. అదీ పూర్తి భరోసా అనుకోవద్దు. క్యారజీనన్ అని సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసేది ఒకటుంది, అది మొక్కదే అయినా కొందరు ఆల్ఫా-గాల్ వాళ్లకి పడదు. బాదం పాలు, పుడ్డింగ్ కప్పులు, ఐస్‌క్రీముల్లో చిక్కదనం కోసం వేస్తారు.

సరే, అన్నిటికంటే నన్ను ఎక్కువ ముంచింది ఏదో తెలుసా? ఇంటి నుంచి వచ్చిన పార్సిల్.

మాది జగిత్యాల. సంక్రాంతికి అమ్మ సకినాలు తనే చేస్తుంది, మిగతావి స్వగృహ షాపులో కొని కలిపి పంపుతుంది. ఆ షాపు ప్యాకెట్ మీద పేరు, బరువు, ఫోన్ నంబరు ఉంటాయి, లోపల ఏముందో ఉండదు. మురుకులు నోట్లో వేసుకుంటే కరిగిపోయాయి. అంత గుల్లగా ఉన్నాయంటే అప్పుడే అనుమానం రావాలి నాకు. పన్నెండు తిన్నాక అర్ధరాత్రి మళ్లీ అదే కథ, ఈసారి అదృష్టం కొద్దీ దద్దుర్లతో పోయింది. తెల్లారి అమ్మకి ఫోన్ చేస్తే ఆమె షాపుకి వెళ్లి అడిగొచ్చింది. కిలో పిండికి పావుకిలో వెన్న అంట. "వెన్న వెయ్యకుంటే గుల్లగ ఎట్లయితయమ్మా" అని వాళ్లే ఎదురడిగారంట. తప్పు వాళ్లది కాదు, ఆ మురుకులు నిజంగా బ్రహ్మాండంగా ఉన్నాయి, తినగలిగేవాళ్లు తినండి.

సకినాలు మాత్రం బంగారం. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నూనె. ఐదే ఐదు. ప్రపంచంలో ఏ లేబుల్ అక్కర్లేదు. నా అల్మారాలో నంబర్ వన్ ఇదే.

మిగతా లిస్టు త్వరగా చెప్పేస్తాను. లేస్ క్లాసిక్, అంటే ఏ ఫ్లేవర్ లేని మామూలుది: బంగాళాదుంప, నూనె, ఉప్పు, అంతే. ఫ్రిటోస్ ఒరిజినల్ కూడా అలాగే, మొక్కజొన్న, నూనె, ఉప్పు. అదే కంపెనీ చిప్స్ అయినా ఫ్లేవర్ మారితే జాతకం మారిపోతుంది, చీజ్ అనేది ఉంటే నేను ముట్టను, సాల్ట్ అండ్ వినెగర్ అని అమాయకంగా ఉండేవాటిలో కూడా లాక్టోజ్ కనిపించింది. హల్దీరామ్ ఆలూ భుజియా నాకు పడింది, కాకపోతే ఉప్పు ఎక్కువ. మరమరాలు తెచ్చి పల్లీలు, వెల్లుల్లి కారం వేసి ఇంట్లో కలుపుకుంటే దాని ముందు ఏదీ నిలవదు, డబ్బులూ మిగులుతాయి. ప్రోటీన్ బార్లలో కొలాజెన్ అనే మాట కనిపిస్తే వదిలేయండి, చాలావరకు ఆవుదే. విటమిన్ మాత్రల మెత్తటి గొట్టాలు కూడా ఎక్కువగా జెలటినే, అవి స్నాక్స్ కాకపోయినా రోజూ మింగేవి కదా, డాక్టర్‌ని అడిగి మార్చుకోండి.

నేను కొత్త ప్యాకెట్ ఎప్పుడు తెచ్చినా శనివారం పొద్దున్నే, ఖాళీ రోజు చూసుకుని, కొంచెమే తింటాను. రాత్రి అస్సలు కాదు, తిన్న ఆరు గంటల తర్వాత ఏమైనా అయితే మెలకువగా ఉండాలి, ఇంట్లో ఇంకొకరు ఉండాలి, అలర్జీ ముదిరితే వేసుకోవడానికి డాక్టర్ రాసిచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ చేతికందే చోట ఉండాలి. ఇది నా డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకున్న పద్ధతి, మీ ఒళ్లు వేరు, మీరూ అడిగే చేయండి. పడితే ఆ ఖాళీ కవరు మీద మార్కర్‌తో తేదీ వేసి సొరుగులో దాస్తాను. తర్వాత కొన్నప్పుడు పాత కవరూ కొత్త కవరూ పక్కపక్కన పెట్టి చూస్తే రెసిపీ మార్చారా లేదా తెలిసిపోతుంది. మా ఆయనకి ఆ సొరుగు చూస్తే నవ్వు. నవ్వనీ, యాప్ పట్టుకోలేని పాలపొడిని ఆ సొరుగు రెండుసార్లు పట్టుకుంది.

ఇంకో కబురు, 2020లో ఇక్కడి ఆహారం, మందుల శాఖ ఎఫ్‌డీఏ ఈ చక్కెర లేకుండా పుట్టించిన గాల్‌సేఫ్ అనే పందికి అనుమతి ఇచ్చింది. మా ఇంట్లో పంది అలవాటు లేదు. ఎవరైనా గాల్‌సేఫ్ మేక తెస్తే మొదటి అడ్వాన్స్ నాదే.

పురుగు మళ్లీ కరవకుండా చూసుకుంటే ఏళ్ల మీద ఇది తగ్గే అవకాశం ఉందని డాక్టర్ అంది, అందుకని గోంగూర మడిని కంచె దగ్గర్నుంచి వరండా పక్కకి మార్చాను, కలుపు తీసేటప్పుడు ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుంటాను. ఈసారి సంక్రాంతి పార్సిల్‌లో ప్రతి కవరు మీదా అమ్మ స్కెచ్ పెన్‌తో లోపల ఏముందో రాసి పంపింది. చెగోడీల మీద "నూనెనే", అరిసెల మీద "నెయ్యి ఉంది, అల్లునికి", మురుకుల మీద "ఇంట్ల చేసిన, వెన్న వెయ్యలే, గట్టిగ ఉంటయి, తిట్టకు".

నిజంగానే గట్టిగా ఉన్నాయి. డబ్బా సగం అయిపోయింది.